విన్నమాట, వ్రాసినమాట

‘నేను తాగను సార్’ అన్న మాటకును, ‘నేను తాగాను సార్’ అన్న మాటకును నడుమ నున్నది ఒక్క దీర్ఘము. మొదటిది తనకు అలవాటు లేదని చెప్పుట, రెండవది ఒప్పుకొనుట. మద్యపు మత్తులో బండి నడుపుచుండగా సొంత బండికి కలిగిన నష్టమును మోటారు బీమా భరింపదు గనుక, ప్రమాదము జరిగిన మరునాడు బెంగుళూరులోని ఏదో ఒక క్లెయిముల విభాగమునకు ఫోనులో వాంగ్మూలమిచ్చిన తెలుగువాని నోట వెలువడిన ఆ దీర్ఘము, లేక ఆ హ్రస్వము, కాగితముపైకి యథాతథముగా చేరినదా లేదా అన్నదానిపై అతనికి రావలసిన సొమ్మంతయు ఆధారపడియుండును. తెలుగున దీర్ఘాచ్చు హ్రస్వాచ్చునకు ఇంచుమించు రెట్టింపు సేపు పలుకును. అయినను ఆ రెంటికిని గల వ్యత్యాసము సెకనులో పదవవంతు కూడ ఉండదు. విన్నదానిని విన్నట్లు వ్రాయు పనికి నేడు ట్రాన్స్‌క్రిప్షన్ అని పేరు. చూచుటకు గుమాస్తాపనివలె కనబడు ఈ పనిలో ధ్వనిశాస్త్రము, గణితము, భాషాశాస్త్రము, న్యాయము నాలుగును ఒక్కచోట కలియుచున్నవి.

ఈ పనికి బెంగుళూరు చిరకాలముగా ఆటపట్టు. 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కు ఇచట నెలకొని, ఉపగ్రహముల మూలమున విదేశములకు వేగవంతమైన సమాచారసంబంధము ఏర్పడిన పిమ్మట, అమెరికాలోని వైద్యులు పగలంతయు రోగులను చూచి సాయంకాలము టేపుపై చెప్పిన మాటలు, మనకు తెల్లవారునప్పటికి ఇక్కడి యువతీయువకుల చెవులకు చేరి, ఆ వైద్యులు నిద్ర మేల్కొనులోపల వ్రాతప్రతులై తిరిగి వెళ్లుచుండెడివి. ఆ విద్యయే క్రమముగా బీమా రంగమునకు ప్రాకినది. ఆరోగ్యబీమా క్లెయిములను బీమాసంస్థల తరఫున పరిశీలించు మధ్యవర్తి సంస్థలకు, అనగా టీపీఏలకు, 2001లో మనదేశమున అనుమతి లభించినది. వానిలో పెద్దదైన మెడి అసిస్ట్ సంస్థకు ప్రధానస్థానము ఈ నగరమే. అక్కో, డిజిట్ వంటి నవీన బీమాసంస్థలును ఇక్కడనుండియే పని నడుపుచున్నవి. పాలసీ ఇచ్చుటకు ముందు ఫోనులో జరుపు వైద్యప్రశ్నావళి, ప్రమాదానంతరము తీసికొను వాంగ్మూలము, సర్వేయరు కారు చుట్టును తిరుగుచు ఫోనునకు చెప్పుకొను పరిశీలన, ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీకై వైద్యుడు పలుకు పంక్తులు, ఇవి యన్నియు ధ్వనిగా పుట్టి అక్షరములుగా మారవలసినవే.

మాటలాడువారెవరో తలచుకొనుడు. హిందూపురమునుండియు మదనపల్లెనుండియు చికిత్సకై బెంగుళూరునకు వచ్చు రైతులు, తరతరములుగా తెలుగే ఇంటిభాషగా గల బాగేపల్లి, ముళబాగిలు ప్రాంతములవారు, మారతహళ్లిలో ఉద్యోగము చేయు కొడుకు పాలసీమీద ఆసుపత్రిలో చేరిన గుంటూరు తల్లిదండ్రులు. వీరి పలుకును వినువారు కన్నడిగులో తమిళులో కావచ్చును. వ్రాయుట తరచుగా ఇంగ్లీషున. నాలుగు భాషల కూడలిలో నిలిచిన ఈ పనిలో తప్పు దొరలుట సహజమే. తప్పు ఎచ్చట పుట్టునో తెలిసినచో, దానిని అచ్చటనే నిలుపుటకు వీలుండును.

తప్పునకు మొదటి జన్మస్థానము టెలిఫోను తీగయే. మానవకంఠధ్వనిలో సెకనునకు నూరులోపు స్పందనములనుండి ఎనిమిది, పదివేల స్పందనములదాక వ్యాపించిన శక్తి యున్నది. పూర్వపు ఇంజనీర్లు తీగల ఖర్చు తగ్గించుటకై అందులో 300 మొదలు 3,400 హెర్ట్జుల వరకు గల ముక్కను మాత్రమే పంపి, మిగిలినదానిని కోసివైచిరి. సంభాషణ అర్థమగుటకు అది చాలును. కాని ‘స’కారపు ఊపిరిలోని బలమంతయు 4,000 హెర్ట్జులకు పైననే యున్నది. ‘ఫ’కారపు సన్నని ఊదుడును అట్టిదే. కావుననే ఫోనులో వాహనము నంబరు చెప్పునపుడు ఎస్ అను అక్షరము ఎఫ్‌గాను, ఎఫ్ ఎస్‌గాను వినబడుచుండును. బీ, డీ, ఈ, జీ, పీ, టీ, వీ అను ఇంగ్లీషు అక్షరముల గుంపు ఒకే ‘ఈ’కారముతో ముగియుటవలన, ఆదిలోని కన్నుమూసి తెరచునంతటి స్వల్పధ్వనియే వానిని వేరుచేయుచున్నది. ఆ స్వల్పధ్వనియే తీగలో మొదట నశించును. ‘బీ ఫర్ బొంబాయి, డీ ఫర్ ఢిల్లీ’ అని చెప్పుకొనుట పాతకాలపు ట్రంకుకాలు ఆపరేటర్లనుండి వచ్చిన అలవాటే యైనను, దాని వెనుక గట్టి ధ్వనిశాస్త్రమున్నది. సెల్‌ఫోను వచ్చినతరువాత మరియొక కోత పడినది. పాత డిజిటల్ తీగలో సెకనునకు 64,000 బిట్లతో సాగిన మాట, సాధారణ సెల్‌ఫోనులో 12,200 బిట్లకు కుదింపబడుచున్నది. ఈ మధ్య వాడుకలోనికి వచ్చిన విశాలపట్టీ కాల్స్ 7,000 హెర్ట్జులదాక ధ్వనిని మోయగలవు. మాట అట్లు స్పష్టముగా వచ్చినప్పటికిని, రికార్డు చేయు యంత్రము పాతపద్ధతిలో దానిని మరల కుదించి దాచినచో, వచ్చిన స్పష్టతయంతయు వ్యర్థమగుచున్నది. ట్రాన్స్‌క్రిప్షన్ బాగుపడవలెనన్నచో మొట్టమొదట సంస్కరింపవలసినది ఈ దాచు పద్ధతిని. వాంగ్మూలమిచ్చువానిని, ప్రశ్నించువానిని వేర్వేరు చానెళ్లలో రికార్డు చేయుట మరియొక సులభోపాయము. ఇద్దరును ఒక్కమారుగా మాటలాడినచోట్ల ఎవరి మాట ఏదో తెలియక కలిగెడి తప్పులలో అధికభాగము దానితోనే తొలగిపోవును.

అంకెలు ఈ శాస్త్రములో ఒక ప్రత్యేకప్రకరణము. పదిహేను, పదిహేడు అను రెంటిని పక్కపక్కన పెట్టి వడిగా పలికి చూడుడు. చివరి అక్షరము తప్ప తక్కినదంతయు ఒక్కటే. ఆ చివరి అక్షరమునే మనము వాడుకలో మింగివేయుదుము. ఇరవై, అరవై అను జంటలో తేడా మొదటి అచ్చునందున్నది. మాట ఆరంభమున లైనులో చిటపటలు వచ్చినచో ఆ తేడా మాయమగును. ఎనభై, తొంభైలును చెవికి దగ్గరైన జంటయే. కన్నడమున ఎప్పత్తు డెబ్బది, ఎంబత్తు ఎనుబది. ఇంగ్లీషున ఫిఫ్టీన్, ఫిఫ్టీల తగవు లోకవిదితము. ప్రమాదము పదిహేనవ తేదీన జరిగినదా, పదిహేడవ తేదీననా? నడుమ పదహారవ తేదీన పాలసీ గడువు ముగిసియుండిన యెడల ఆ ఒక్క హల్లు క్లెయిమును చంపగలదు.

అంకెలకు గణితము ఒక కవచమును ఇచ్చియున్నది. 1969లో వెర్హోఫ్ అను డచ్చి గణితజ్ఞుడు, మనుష్యులు సంఖ్యలను వ్రాయుటలో చేయు తప్పులను వర్గీకరించి, సంఖ్య చివర ఒక పరీక్షాంకమును చేర్చినచో ఒక్క అంకె మారిన ప్రతి తప్పును, పక్కపక్క అంకెలు తారుమారైన ప్రతి తప్పును పట్టగల పద్ధతిని రచించెను. మన ఆధార్ సంఖ్యలోని పండ్రెండవ అంకె ఆ పద్ధతిచే లెక్కకట్టబడినదే. క్లెయిము సంఖ్యలకు, పాలసీ సంఖ్యలకు ఇట్టి పరీక్షాంకమున్నచో, విన్నవాడు తప్పుగా వినినను యంత్రము తత్‌క్షణమే ‘ఈ సంఖ్య పొసగదు’ అని చెప్పగలదు. వాహనము నంబరునకు పరీక్షాంకము లేకపోయినను, రిజిస్ట్రేషను పట్టికలో ఆ నంబరు గల బండి ఏ కంపెనీదో, ఏ రంగుదో చూచి పోల్చుకొనవచ్చును. తేదీలకు, డబ్బు మొత్తములకు మాత్రము ఇట్టి రక్షణ లేదు. వానికి చెవియే గతి.

ఇక తప్పులను లెక్కించు విధానమును చూతము. 1965లో లెవెన్‌స్టైన్ అను రష్యను గణితజ్ఞుడు ఒక గుర్తుల వరుసను మరియొకటిగా మార్చుటకు కనీసము ఎన్ని మార్పులు, ఎన్ని చేర్పులు, ఎన్ని తీసివేతలు కావలెనో కొలుచు దూరమును నిర్వచించెను. ఆ దూరమును మాటలలో కొలిచి మొత్తము మాటల సంఖ్యచే భాగించినచో వచ్చునది పదదోషశాతము. లోకమంతయు ట్రాన్స్‌క్రిప్షన్ నాణ్యమును దీనితోనే కొలుచుచున్నది. 1990 ప్రాంతమున అమెరికాలో స్విచ్‌బోర్డ్ అను పేర సేకరించిన టెలిఫోను సంభాషణలపై, 2016లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు తమ యంత్రమును వృత్తినిపుణులైన మనుష్యులను పోటీపెట్టగా, ఇరువురకును నూటికి 5.9 చొప్పున తప్పులు తేలినవి. మనుష్యుడును ఇష్టాగోష్ఠిసంభాషణలో సుమారు పదునేడు మాటలకొక మాట తప్పుగా వినుచున్నాడన్నమాట.

ఈ కొలమానముతో నాకొక గట్టి పేచీ యున్నది. పది నిమిషముల వాంగ్మూలములో సుమారు 1,500 మాటలుండును. ఒక వ్రాతప్రతిలో 30 తప్పులున్నవి; అవి యన్నియు ‘అండి’, ‘ఆఁ’, ‘అదే మరి’, ‘సరే సార్’ వంటి మాటలలోనే. దానికి దక్కునది నూటికి 98 మార్కులు. మరియొక ప్రతిలో ఒకే ఒక్క తప్పు: ‘రెండు నెలల నుంచి షుగరుంది’ అన్నది ‘రెండు ఏళ్ల నుంచి షుగరుంది’ అని పడినది. దానికి 99.9 మార్కులు దాటి వచ్చును. కాని పాలసీ తీసికొని ఏడాదియే అయిన రోగికి మొదటి ప్రతివలన ఏ హానియు లేదు. రెండవ ప్రతి ఆతని వ్యాధిని పాలసీకి పూర్వమే యున్న వ్యాధిగా మార్చివేసినది. అట్టి పూర్వవ్యాధులకు 2024 నిబంధనల ప్రకారము ముప్పదియారు నెలల వరకు నిరీక్షణ విధింపవచ్చును గనుక, ఆసుపత్రి బిల్లు ఆ కుటుంబము నెత్తిపై పడును. తొంబదితొమ్మిది మార్కుల ప్రతి ఒక కుటుంబమును అప్పులలో దింపగలిగినపుడు ఆ మార్కులను చూచి సంతృప్తిపడుట తగదు.

తెలుగు విషయమున ఈ కొలమానము మరింత వక్రించుచున్నది. మనభాషలో విభక్తులు, క్రియాప్రత్యయములు, వ్యతిరేకార్థము సైతము మాటలో కరగి యుండును. ‘ఆసుపత్రిలోనే’ అనుటకు బదులు ‘ఆసుపత్రిలో’ అని వ్రాసినచో ఒక పూర్తిమాట తప్పైనట్లు లెక్క. ‘చేసిపెట్టాను’ అన్నదానిని విడదీసి ‘చేసి పెట్టాను’ అని వ్రాసినచో రెండు తప్పులు. ‘చూశాను’ అన్నది ‘చూడలేదు’గా మారినచో మాత్రము ఒక్క తప్పే. లెక్క తలక్రిందులైనదని వేరుగ చెప్పనక్కరలేదు. కావున క్లెయిముల వ్రాతప్రతులకు వేరొక కొలత కావలెను. తేదీ, కాలవ్యవధి, మొత్తము, కుడియెడమలు, కర్త, అవును కాదులు, మందుల పేర్లు, ఈ కొద్ది జాతుల మాటలను మాత్రమే ఏరి, వానిలో ఎన్ని సరిగా చేరినవో విడిగా లెక్కింపవలెను. తనిఖీ చేయువారు ప్రతి మాటను వినుటకు సమయము చాలదని చెప్పుదురు. ప్రతి మాటను విననక్కరలేదు; ఈ మాటలను మాత్రము రెండుమారులు, ఇద్దరు మనుష్యులు, ఒకరి ప్రతిని మరియొకరు చూడక విని వ్రాసి, తరువాత పోల్చినచో చాలును.

యంత్రము చేతికి ఈ పని వచ్చిన కథలో తెలుగువారికి గర్వకారణమైన పేరొకటి యున్నది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి, మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు పొంది, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున మాటను గ్రహించు యంత్రములను నిర్మించిన బృందమునకు నాయకుడై, 1994లో ట్యూరింగ్ బహుమానమును అందుకొనెను. ఆ బృందపు తొలి యంత్రములలో హియర్‌సే అనునది చదరంగపు ఎత్తులను నోటిమాటగా వినెడిది. బల్లపై ఆ క్షణమున ఏ ఎత్తులు సాధ్యమో యంత్రమునకు ముందే తెలియును గనుక, అస్పష్టముగా వినబడిన పలుకును ఆ సాధ్యములలో ఒకదానితో పోల్చి నిర్ణయించెడిది. చెవికి బుద్ధి తోడైననే వినికిడి పూర్ణమగునన్న ఈ తత్త్వమే 1976 నాటికి వేయిమాటలను గుర్తింపగల హార్పీ యంత్రమునకు, అటుపిమ్మట వచ్చిన సమస్త వాగ్గ్రాహక యంత్రములకు పునాది. నేడు క్లెయిముల విభాగము చేయదగిన మేలిపని కూడ ఇదియే: వాంగ్మూలము మొదలగుటకు పూర్వమే యంత్రమునకు ఆ పాలసీలోని పేర్లను, ఆ ఊరి ఆసుపత్రులను, ఆ రోగమునకు వాడు మందులను అందించి యుంచుట. జయదేవ, నిమ్హాన్స్, కిద్వాయి అను బెంగుళూరు ఆసుపత్రుల పేర్లను ఎన్నడును వినని యంత్రము వానిని ఏవో ఇంగ్లీషు మాటలుగా వ్రాసికొనిపోవుచుండును.

అయితే ఈ బుద్ధియే ఒక్కొక్కప్పుడు చెవిని మోసగించును. యంత్రము సంభావ్యతను నమ్ముకొన్నది. అధిక రక్తపోటు సర్వసాధారణము, అల్ప రక్తపోటు అరుదు. హైపర్‌టెన్షన్, హైపోటెన్షన్ అను మాటల నడుమ సందేహము కలిగినపుడు యంత్రము తరచుగా వచ్చు మాటవైపే మొగ్గును. లక్ష వాంగ్మూలములలో అది సరియైన మొగ్గే కావచ్చును. కాని బీమా అనునది పుట్టినదే అరుదుగా జరుగు విపత్తుకొరకు. ఎవనికి అసాధారణమైనది సంభవించినదో వాడే క్లెయిము పెట్టుచున్నాడు. అతని మాటలోని ఆ అసాధారణమునే యంత్రము సాధారణముగా చదునుచేసి వ్రాయుచున్నది. ఈ రంగమున నాకు మిక్కిలి ఆందోళన కలిగించునది ఇదియే.

దీనికంటె వింతయైన దోషము మరియొకటి. 2022లో ఓపెన్ఏఐ సంస్థ 6,80,000 గంటల ధ్వనితో శిక్షణ ఇచ్చి విడుదల చేసిన విస్పర్ అను యంత్రమును 2024లో అమెరికా పరిశోధకులు పరీక్షింపగా, నూటికొక్క ముక్కలో ఎవ్వరును పలుకని వాక్యములు కనబడినవి. మాట తడబడి ఆగి ఆగి మాటలాడువారి విషయమున, నిశ్శబ్దపు విరామములు హెచ్చగుకొలది, ఈ కల్పనయు హెచ్చినది. ప్రమాదములో దెబ్బతిన్నవాడు, భర్తను కోల్పోయిన స్త్రీ, పక్షవాతము సోకిన వృద్ధుడు, ఆగి ఆగి మాటలాడువారు వీరే కదా! బెంగుళూరు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ గదులలో, చెవికి హెడ్‌ఫోను తగిలించుకొని, పాదముక్రింది పెడలును నొక్కి ధ్వనిని వెనుకకు ముందుకు జరుపుకొనుచు, 65 అక్షరములకొక పంక్తి చొప్పున కూలి లెక్కకట్టించుకొన్న పనివారికి మొదటిదినముననే నేర్పిన నియమమొకటి యున్నది: వినబడనిచో ఊహింపవలదు, ఆ చోటును ఖాళీగా విడిచి, ధ్వనిలో అది ఎన్నవ నిమిషము, ఎన్నవ సెకనులో వచ్చినదో గుర్తుపెట్టి ఎడిటరునకు పంపవలెను. ఖాళీకి సిగ్గుపడనక్కరలేదు. తనకు తెలియనిచోటు ఏదో చెప్పలేని యంత్రమునకంటె, ఖాళీని నిజాయితీగా విడిచిన ఆ పనివారు వేయిరెట్లు నమ్మదగినవారు. ప్రతి మాటకు తన నమ్మకము ఎంతయో యంత్రమే అంకెగా చెప్పగలుగునట్లు చేసి, ఆ అంకె తగ్గినచోట్ల మనుష్యుని చెవికి అప్పగించుట నేటి ఉత్తమపద్ధతి.

మాండలికమును గూర్చియు కొంత చెప్పవలెను. హిందూపురపు మనిషి ‘నేను బ్రేకు వేసినా, బండి నిలబడలే’ అనును. రాయలసీమలో ‘వేసినా’ అనగా వేసినాననియే అర్థము. అవి రెండు వాక్యములు. కోస్తా తెలుగుతో పెరిగిన చెవికి అది ‘వేసినప్పటికిని’ అని తోచి, ఒక్క వాక్యమగును. ‘లారీని చూసినా’ అన్న చోటనో, చూచితినని నిశ్చయముగా చెప్పిన మాట చూచినప్పటికినన్న సందిగ్ధవచనమై వ్రేలాడును. ఇట్టి కష్టములను తీర్చుటకు ఈ నగరమందే కృషి జరుగుచున్నది. 1909లో వెలసిన భారత విజ్ఞాన సంస్థలోని వాక్‌పరిశోధకులు, వ్యవసాయము, ఆర్థికసేవలు అను రెండు రంగములకై తెలుగు, కన్నడములతోసహా తొమ్మిది భాషల మాండలికధ్వనులను రెస్పిన్ అను పేర సేకరించుచుండగా, అదే సంస్థ 2022లో ఆరంభించిన వాణి అను ప్రణాళిక దేశములోని జిల్లాజిల్లాకు వెళ్లి సామాన్యుల పలుకును నమోదు చేయ పూనినది. హిందూపురపు ‘వేసినా’ యంత్రమునకు అర్థమగుదినము ఈ మార్గముననే రావలెను.

యంత్రమెంత నేర్చినను మిగిలిపోవు చిక్కు ఒకటి కలదు. అది తెలుగు వాక్యమును ఇంగ్లీషులో వ్రాయునపుడు పుట్టును. ‘వెనకనుంచి వచ్చి గుద్దింది’ అని మనము సుఖముగా చెప్పుదుము. ఏది గుద్దినది? కర్త లేదు, ఉండనక్కరలేదు, వినువానికి సందర్భము తెలియును. ఇంగ్లీషు వాక్యమునకు కర్త లేనిదే కాళ్లాడవు గనుక, వ్రాయువాడు లారీనో, బస్సునో, స్కూటరునో తనంతట తాను చేర్చును. ఆ చేర్పుతో తప్పెవరిదో నిర్ణయమైపోవును. వాంగ్మూలమిచ్చినవాడు ఆ నిర్ణయమును ఎన్నడును చేయలేదు. దీనికి నేనెరిగిన మందొక్కటే: పలికిన భాషలోని ప్రతిని మొదట సిద్ధపరచి, ఇంగ్లీషు ప్రతిని దాని ప్రక్కన నిలిపి, రెంటిని క్లెయిము ఫైలులో ఉంచుట. ఖర్చు కొంత పెరుగును. ఫైలు పైయధికారివద్దకో, బీమా అంబుడ్స్‌మన్ ముంగిటికో వెళ్లినపుడు ఆ తెలుగు ప్రతియే వాంగ్మూలమిచ్చినవాని పక్షమున నిలుచు సాక్షి.

తొందర ఈ పనికి సహజశత్రువు. 2024 మే నెలలో బీమా నియంత్రణసంస్థ నగదురహిత చికిత్సకు ఒక గంటలో అనుమతి, డిశ్చార్జి సమయమున మూడు గంటలలో తుది నిర్ణయము ఇవ్వవలెనని ఆదేశించినది. రోగికి అది గొప్ప మేలు. ఆసుపత్రి వరండాలో బిల్లుకై పడిగాపులు పడినవారెవరును దానిని కాదనరు. అంత తక్కువ వ్యవధిలో వ్రాతప్రతిని మొదటినుండి చివరివరకు సరిచూచుట సాధ్యము కాదు గనుకనే, కీలకమైన మాటలను మాటలాడుచుండగనే తిరిగి చదివి వినిపించు అలవాటు అవసరము. విమానచాలకులు కంట్రోలు గదినుండి వచ్చిన కీలకమైన ఆదేశములను తిరిగి పలికి ధ్రువపరచుట దశాబ్దములుగా నడచుచున్న ఆచారము. ‘పదిహేడో తారీఖు, అంటే ఒకటి, ఏడు. ఎడమ కాలు. షుగరు రెండు నెలల నుంచి. మందు అలవాటు లేదన్నారు. అంతేగదా అమ్మా?’ అని ఆపరేటరు అడుగుటకు అరనిమిషము పట్టును. ఆపరేటరు అడుగనిచో, ఫోను పట్టుకొన్నవారే కాల్ ముగియకముందు తమ తేదీని అంకెలంకెలుగా విడదీసి చెప్పి, వ్రాసికొన్నదేమో తిరిగి చదువుమని కోరవచ్చును.